పసిబిడ్డ కడుపులో గట్టిగా తగిలితే: కాలేయ క్యాన్సర్ వైద్యం మధ్యలో ఆగకుండా చేయించుకునేదెలా

దేవరకొండ వైపు తండాల్లో ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. టీకాల రోజు పిల్లల బరువు చూసినప్పుడు కడుపు కూడా తడిమి చూస్తాను. చేతులు, కాళ్లు సన్నబడుతున్నా మొలతాడు మాత్రం బిగుసుకుంటుంటే, కుడి పక్కటెముకల కింద నొప్పి లేని గట్టి గడ్డ తగిలితే, ఆ వారంలోనే స్కానింగ్ తీయించాలి. "పురుగులున్నయక్కా, మందియ్యి" అంటుంది తల్లి. "బల్ల పెరిగింది, వాత పెట్టిస్తే పోతది" అంటుంది నాయనమ్మ. పురుగుల మందుతో గడ్డ కరగదు. వాత పుండై చీము పడితే అసలు వైద్యమే వెనక్కి పోతుంది. గడ్డను పదేపదే నొక్కడం, పసరు రుద్దడం కూడా మానండి, లోపల చిట్లి రక్తం కారొచ్చు.

చిన్నపిల్లల కాలేయంలో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ హెపటోబ్లాస్టోమా. చాలామందికి మూడేళ్లలోపే బయటపడుతుంది. నల్లగొండ ప్రభుత్వ దవాఖానలో అల్ట్రాసౌండ్‌లో గడ్డ కనబడితే, ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష గురించి అడగండి. ఈ జబ్బున్న పిల్లల్లో ఎక్కువమందికి అది బాగా పెరిగి ఉంటుంది. నెలల పసికందుకు మామూలుగానే ఎక్కువుంటుంది కాబట్టి ఆ అంకె చూసి మీరే ఒక నిర్ణయానికి రావొద్దు.

తర్వాత హైదరాబాద్. నిలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి రెండూ రెడ్‌హిల్స్‌లోనే. ఎల్బీనగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కితే లక్డీకాపూల్‌లో దిగొచ్చు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తల్లికి ప్రయాణం ఉచితం. రేషన్ కార్డు, ఆధార్, బిడ్డ జనన ధ్రువపత్రం తీసుకెళ్లి ముందు ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి. 2023 డిసెంబరు నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు.

వైద్యం కోసం ఎకరం అమ్మాలేమోనని భయపడేవాళ్లకు నేను ముందుగా చెప్పే మాట ఇదీ. గడ్డ కాలేయంలోనే ఉండి, కాలేయంలో నాలుగో భాగమైనా మంచిగా మిగిలి, రక్తనాళాలను పట్టుకోని పిల్లలకు సిస్‌ప్లాటిన్ అనే పాత, చవక మందు ఒక్కటే సరిపోవచ్చు. 2009లో అచ్చయిన పెద్ద అంతర్జాతీయ అధ్యయనంలో, ఆ ఒక్క మందుతో వైద్యం జరిగి గడ్డ కోసి తీసిన ఇలాంటి పిల్లల్లో మూడేళ్లకు 95 శాతం మంది బతికే ఉన్నారు. ఆ పద్ధతిలో రెండు వారాలకోసారి మందు, ఆపరేషన్‌కు ముందు నాలుగుసార్లు, తర్వాత రెండుసార్లు. ఊపిరితిత్తులకు పాకితే మందులు పెరుగుతాయి. కొందరికి కాలేయ మార్పిడి కూడా కావాలి. ఏ బిడ్డకు ఏ వైద్యమో సీటీ స్కాన్ చూసి డాక్టరే చెప్పాలి.

ఇక్కడే ఎక్కువమంది తప్పిపోతారు. రెండు మూడు డోసులకు గడ్డ చిన్నదవుతుంది, కడుపు మెత్తబడుతుంది, పిల్లాడు అన్నం అడుగుతాడు. "నయమైంది గదా, కోతెందుకు" అని ఊరికి తిరిగొచ్చేస్తారు. నయం కాలేదు. గడ్డ కోసి తీసేదాకా రోగం లోపలే ఉంటుంది. ఆపరేషన్ తేదీ పడ్డాక పెళ్లి గానీ పత్తి ఏరుడు గానీ ఎదురొచ్చినా వాయిదా వేయకండి.

ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఉండాలి. 100.4 డిగ్రీలు దాటిందంటే అది అర్ధరాత్రైనా తెల్లారేదాకా ఆగొద్దు. కీమో (క్యాన్సర్ మందు) తర్వాత తెల్లరక్తకణాలు తగ్గి ఉంటే, ఇన్ఫెక్షన్ గంటల్లోనే ముదురుతుంది. ఆర్‌ఎంపీతో సూది వేయించకండి. 108కి ఫోన్ చేసి, "కీమో నడుస్తోంది" అని ముందే చెప్పండి. రోజంతా వాంతులై మూత్రం తగ్గినా అంతే, సిస్‌ప్లాటిన్ ఎక్కించాక ఒంట్లో నీళ్లు తగ్గితే కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇంకోటి, వినికిడి. సిస్‌ప్లాటిన్ చెవులకు దెబ్బే. మొదటి డోసుకు ముందే వినికిడి పరీక్ష అడగండి. ప్రతి డోసు ఎక్కడం పూర్తయిన ఆరు గంటల తర్వాత సోడియం థయోసల్ఫేట్ ఇస్తే ఆ నష్టం బాగా తగ్గుతుందని 2018లో తేలింది. జబ్బు కాలేయం దాటని పిల్లలకు ఇస్తారు, మీ బిడ్డకు పనికొస్తుందా అని అడగండి.

ఆపరేషన్ తర్వాత ఏఎఫ్‌పీ తగ్గుతూ మామూలు స్థాయికి రావాలి. మళ్లీ పెరిగితే జబ్బు తిరగబెడుతుందేమోనని వెంటనే చూస్తారు. అందుకే ప్రతి అంకెనూ తేదీతో నోటుబుక్కులో రాయండి. సీటీ ఫిల్ములు, డిశ్చార్జి కాగితాలు ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ప్రతిసారీ వెంట తీసుకెళ్లండి.