కోతలు మొదలయ్యే ముందు గడ్డి బేలర్ సెన్సార్ల విషయంలో జాగ్రత్తలు

వరి కోత మిషన్ మడి దాటిన రెండు మూడు రోజులకే గడ్డిని కట్టలుగా చుట్టే బేలర్‌కు పిలుపు వస్తుంది. యాసంగి కోతల్లోనైతే అకాల వాన పడేలోపే గడ్డి ఎత్తేయాలి. అలాంటప్పుడు కట్ట నిండిందని సెన్సార్ చెబితే మోగాల్సిన బజర్ కట్ట నిండినా మోగదు, లేదా ఖాళీగా ఉన్నా మోగుతూనే ఉంటుంది. కొందరు వెంటనే కొత్త సెన్సార్ కొనేస్తారు. చాలాసార్లు తప్పు సెన్సార్‌లో ఉండదు. వైరులోనో, బ్యాటరీ మైనస్‌కు కలిసే ఎర్త్‌లోనో, బిగింపులోనో ఉంటుంది. అందుకే ఈ తనిఖీ మిషన్ ఇంటి దగ్గర ఉన్నప్పుడే చేసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ముందే చెప్పాలి. సెన్సార్ ముందు స్పానర్ పెట్టి చూడటమంటే మిషన్‌కు "కట్ట నిండింది" అని చెప్పడమే. ఆటోమేటిక్ కంట్రోలర్ ఉన్న బేలర్ ఆ మాట నమ్మి తాడు చుట్టే చేతిని కదిలించవచ్చు. అందుకని ఇంజిన్ ఆపండి, బేలర్‌ను తిప్పే పీటీవో షాఫ్ట్‌ను ట్రాక్టర్ నుంచి ఊడదీయండి, కరెంటు కోసం తాళం చెవిని ఆన్ వరకు మాత్రమే తిప్పండి. వెనక తలుపు ఎత్తి కింద పని చేయాలంటే తలుపు జాక్‌లోని నూనెను ఆపే లాక్ వాల్వ్ మూయాలి. వాల్వ్ లేకపోతే జాక్ రాడ్డుకు గట్టి ఇనుప అడ్డు పెట్టాలి. ఇంజిన్ ఆగి ఉన్నా హోస్ పగిలితే తలుపు ఒక్కసారిగా పడుతుంది.

ముందు కరెంటు చూడండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. తాకకుండానే ఇనుమును పసిగట్టే మూడు వైర్ల ప్రాక్సిమిటీ సెన్సార్‌లో గోధుమ రంగు ప్లస్, నీలం మైనస్, నలుపు సిగ్నల్. గోధుమ, నీలం మధ్య వోల్టేజి బ్యాటరీకి దగ్గరగా రాకపోతే ఫ్యూజ్, కనెక్టర్, ఎర్త్ వెతకాలి. ఎర్త్‌కు తేలికైన పరీక్ష ఒకటుంది: మీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్‌కు, రెండోది సెన్సార్ నీలం వైరుకు పెట్టి లైట్లన్నీ వేయండి. అర వోల్టు దాటితే ఎర్త్ చెడింది. రాత్రి లైట్లు వేయగానే బజర్ దానంతటదే మోగితే మొదట అనుమానించాల్సింది దీన్నే. తుప్పు గీకి, పెయింట్ లేని చోట బిగించండి.

తర్వాత ఇనుము దగ్గరికి తెచ్చి, నలుపు, నీలం మధ్య మీటర్ పెట్టండి. సిగ్నల్ వైరుకు ప్లస్ పంపే పీఎన్‌పీ రకమైతే 0 నుంచి 12 వోల్టుల వైపు పెరగాలి. సిగ్నల్ వైరును మైనస్‌కు కలిపే ఎన్‌పీఎన్ రకమైతే కంట్రోలర్ తగిలించి ఉన్నప్పుడు తగ్గాలి. ఇనుము ఎదుట లేనప్పుడే సిగ్నల్ ఇచ్చే నార్మల్లీ క్లోజ్డ్ రకంలో ఈ రెండూ తారుమారవుతాయి. సెన్సార్ మీది చిన్న లైటు మారుతున్నా సిగ్నల్ మారకపోతే సెన్సార్ లోపలి అవుట్‌పుట్ పోయినట్టే. సెన్సార్ దగ్గర మారుతూ కంట్రోలర్ దగ్గర మారకపోతే దారిలో వైరు తెగింది. తలుపు కీలు దగ్గర, ట్రాక్టర్ కొక్కెం దగ్గర వైరు మడత పడుతూ పైతొడుగు బాగున్నా లోపల రాగి తెగుతుంది. కదలకుండా ఉన్న వైరు మీటర్‌కు బాగానే కనిపిస్తుంది కాబట్టి చేత్తో వంచుతూ చూడాలి. షెడ్డులో నెలల తరబడి నిలబెట్టిన మిషన్‌కైతే ఎలుకలు కొరికిన చోట్లు కూడా వెతకాలి.

పొద్దున మంచుకు పని చేయక, పది గంటలకు ఎండెక్కాక బాగుపడే సెన్సార్‌ను మార్చకండి. కనెక్టర్‌లో చెమ్మ ఉంది. విప్పి ఆరబెట్టి, చెమ్మను ఆపే డైఎలక్ట్రిక్ గ్రీజు కొద్దిగా పెట్టి మూయండి.

సెన్సార్ మూతికీ ఎదుటి ఇనుముకూ మధ్య సందు కొలవడం మరవద్దు. సెన్సార్ పట్టే దూరం రేటింగ్ 4 మిల్లీమీటర్లు ఉంటే 3 దాటకుండా బిగించాలి. బేరింగ్ అరిగి ఊగుతుంటే సందు ఒకసారి పెరుగుతుంది, ఇంకోసారి ఇనుము సెన్సార్ మూతిని కొట్టేస్తుంది. అప్పుడు మార్చాల్సింది ముందు బేరింగ్. సెన్సార్ ఎదుట ఉండే ఇనుప బోల్టు బదులు స్టెయిన్‌లెస్ స్టీల్‌ది వేస్తే పట్టే దూరం దాదాపు 70 శాతానికి, అల్యూమినియం అయితే 40 శాతానికి పడిపోతుంది.

కొత్తది కొనేటప్పుడు మర సైజు ఒక్కటే చాలదు. పీఎన్‌పీనా ఎన్‌పీఎన్‌నా, నార్మల్లీ ఓపెన్‌నా క్లోజ్డ్‌నా, పట్టే దూరమెంత అన్నవి కలవాలి. ఒకే రకం సెన్సార్లు రెండు ఉంటే వాటిని తారుమారు చేసి చూడండి. తప్పు సెన్సార్‌తో పాటు అవతలికి వెళ్తేనే సెన్సార్ పోయినట్టు.

తలుపు మూత సెన్సార్‌ను షార్ట్ చేసి నడపడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. తలుపు సగం తెరుచుకుని ఉన్నా మిషన్ మూసినట్టే అనుకుంటుంది. సందులో గడ్డి ఇరుక్కుని తలుపు వంగుతుంది, వెనక ఉన్న మనిషికి ప్రమాదం. ఫ్యూజ్ బదులు తీగ చుట్టడమూ అంతే. ఒరుసుకుపోయిన వైరు, పక్కనే ఎండుగడ్డి దుమ్ము, ఫ్యూజ్ లేదు: మంటకు ఇంకేమీ అక్కర్లేదు. దుమ్మును రోజూ గాలి పైపుతో ఊదండి. ప్రెషర్ నీటిని కనెక్టర్ల మీదికి కొట్టవద్దు. వెల్డింగ్ చేయాలంటే ముందు బ్యాటరీ మైనస్ తీసి, కంట్రోలర్ కనెక్టర్ ఊడదీసి, ఎర్త్ క్లిప్‌ను వెల్డింగ్ చోటికి దగ్గరగా పెట్టించండి.

అన్నీ సరిగ్గా ఉన్న రోజున ప్రతి సెన్సార్ వోల్టేజి, సందు కొలతలు కంట్రోలర్ మూత లోపల మార్కర్‌తో రాసి ఉంచండి. మడిలో నిలబడి వెతికేటప్పుడు ఏ అంకె మారిందో అక్కడే తెలుస్తుంది.