పార్కింగ్ లాట్‌లో సీగల్స్ ఎందుకు దిగాయో కనిపెట్టడం ఎలా?

డాలస్‌లో చలికాలం. సరుకులు కొనుక్కుని బయటికొస్తే పార్కింగ్ లాట్ నిండా తెల్లటి పక్షులు, సముద్రం ఒడ్డున కనిపించే సీగల్స్. సముద్రం చూడాలంటే కారులో 4-5 గంటలు వెళ్లాలి. మరి వీటికి ఇక్కడేం పని? దారి తప్పాయనో, తుఫాను వస్తోందనో తేల్చేసే ముందు ఒక పావుగంట నిలబడి చూడండి. ఫోన్ కెమెరా జూమ్ చాలు.

మొదట ముక్కు చూడండి. పసుపు ముక్కు కొస దగ్గర నల్లటి పట్టీ, కాళ్లు కూడా పసుపు... అయితే అది రింగ్-బిల్డ్ గల్. గోధుమ మచ్చలున్నవి వేరే జాతి కాకపోవచ్చు. ఈ జాతి పిల్లలకు పెద్దవాటి రంగు రావాలంటే మూడో ఏడు రావాలి. గ్రేట్ లేక్స్ (అమెరికా-కెనడా సరిహద్దులోని పెద్ద సరస్సులు) దీవుల్లో, కెనడా సరస్సుల దగ్గర పుట్టి, సముద్రం మొహం చూడకుండానే బతికేసేవీ వీటిలో ఉన్నాయి. 'సీ' అన్నది మనం తగిలించిన మాటే. మన దగ్గర మాత్రం? ప్రయాగ్‌రాజ్ సంగమంలో పడవల చుట్టూ ముసిరే గల్స్‌లో కొన్ని లడఖ్, టిబెట్ సరస్సుల ఒడ్డున గుడ్లు పెట్టే జాతివే.

ఇక అసలు పని: అవి ఏం చేస్తున్నాయో చూడటం.

గడ్డి మీద ఉంటే కాళ్లు గమనించండి. కదలకుండా ఒకేచోట టపటపా తొక్కుతుంటే అది వేట. నేల అదిరితే వానపాములు పైకొస్తాయి, వాటిని ఇవి ముక్కుతో లాగేస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నవ్వొస్తుంది, అచ్చం చిన్నపిల్లలు మారాం చేసినట్టే ఉంటుంది. దున్నుతున్న చేలో ట్రాక్టర్ వెనకాల తిరుగుతుంటే, మన పొలాల్లో కొంగలు చేసే పనే అనుకోండి.

పురుగుల మీద గల్స్ ఆకలికి అమెరికాలోని యూటా రాష్ట్రంలో విగ్రహమే ఉంది. 1848లో పంటల మీద పడ్డ మిడతల్లాంటి పురుగుల్ని కాలిఫోర్నియా గల్ అనే జాతి పక్షులు తిన్నాయని సాల్ట్ లేక్ సిటీలో 1913లో స్మారకం కట్టారు. పంటను ఎంతవరకు కాపాడాయన్న దానిపై చరిత్రకారుల్లో వాదన ఉంది. అవి తిన్నది మాత్రం నిజం.

తారు నేల మీద అన్నీ ఒకే వైపు తిరిగి ఊరికే నిలబడ్డాయా? గాలికి ఎదురుగా ఉన్నాయి, అంతే. అలా ఉంటే ఈకలు చెదరవు, ఎగరడం సులువు. చుట్టూ చెట్టూ పుట్టా లేని చోటైతే శత్రువు దూరం నుంచే కనిపిస్తుంది. తిన్నాక కునుకు తీయడానికి ఇంతకన్నా మంచి చోటేది?

తర్వాత మ్యాప్ తెరిచి దగ్గర్లో చెరువు, చెత్త డంపింగ్ యార్డ్ ఎక్కడున్నాయో చూడండి. సాయంత్రం గుంపులు ఎటు వెళ్తున్నాయో కూడా గుర్తుపెట్టుకోండి. రాత్రి నక్కల బెడద ఉండదని చాలావరకు నీళ్ల మీదే పడుకుంటాయి, తెల్లారాక మేతకు చెదిరిపోతాయి. పార్కింగ్ లాట్ అన్నది మధ్యలో మజిలీ మాత్రమే.

ఒక్కటి మాత్రం చేయకండి: చిప్స్ విసరొద్దు. విసిరితే మీ పరిశీలన అక్కడితో సరి, అవి ఎందుకొచ్చాయో కాక మీకోసం ఎందుకొచ్చాయో చూస్తూ కూర్చోవాలి.

ఇంకా అనుమానమా? పెద్ద వాన వెలిశాక మళ్లీ వెళ్లండి. పార్కింగ్ లాట్ ఖాళీగా ఉండి, పక్కనున్న సాకర్ గ్రౌండ్‌లో అవి కాళ్లు తొక్కుతూ కనిపిస్తే వానపాములు పైకి తేలాయన్నమాట.