సైకిల్ చైను జారుతోందా? మార్చే ముందు ఒకసారి కొలవండి

తిరుపతిలో అలిపిరి వైపు ఎక్కే రోడ్డులో సీటు మీంచి లేచి బలంగా తొక్కుతున్నప్పుడు చైను 'టక్'మని జారి, కాలు ఒక్కసారిగా కిందికి దిగిపోయిందంటే, కారణం చాలావరకు చైను అరుగుదలే. దీన్ని 'చైను సాగింది' అంటాం గానీ, నిజానికి సాగేది ఏదీ లేదు. లింకులను కలిపే పిన్నులూ, వాటి చుట్టూ తిరిగే లోపలి అంచులూ అరిగి, ప్రతి కీలు దగ్గరా వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. వందకు పైగా కీళ్లలోని ఆ సందులన్నీ కలిసి చైనును పొడవు చేస్తాయి. మన ఊరి ఎర్రమట్టి దుమ్ము నూనెలో కలిస్తే ఆకురాయిలా పనిచేస్తుంది కాబట్టి, ఊరి బయట మట్టిదారుల్లో తిరిగే సైకిళ్లకు ఈ అరుగుదల త్వరగా వస్తుంది.

అరిగిందో లేదో కంటితో చెప్పలేం, కొలవాలి. చైనులో ఒక పిన్నుకూ పక్క పిన్నుకూ మధ్య దూరం అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. చైను బిగువుగా ఉన్నప్పుడు ఒక పిన్ను నడిమి నుంచి, దాన్ని ఒకటిగా లెక్కిస్తే 25వ పిన్ను నడిమి వరకు స్టీలు టేపుతో కొలవండి. టేపు చివరి కొక్కెం కాస్త కదులుతుంది కనుక 100 మిల్లీమీటర్ల గీత దగ్గర మొదలుపెట్టి, వచ్చిన దానిలోంచి 100 తీసివేయడం మేలు. కొత్త చైనులో ఆ దూరం 304.8 మిల్లీమీటర్లు ఉంటుంది. గేర్ల సైకిల్‌లో అది 306 దాటితే కొత్త చైను తెచ్చుకోవలసిందే. గేర్లు లేని మామూలు సైకిల్‌కు మరికొంత ఆగవచ్చు. ఎందులోనైనా 308కి చేరిందంటే ఫ్రీవీల్ (వెనుక చక్రానికి ఉండే పళ్ల చక్రం) పళ్లు కూడా దెబ్బతిని ఉంటాయని అనుకోవాలి.

ఈ చివరి మాటను నేను ఒకప్పుడు పట్టించుకోలేదు. 308 దాటిన చైనును తీసేసి, పాత ఫ్రీవీల్ మీదే కొత్తది వేశాను. మర్నాడు అదే ఎక్కుడులో మునుపటి కన్నా ఎక్కువగా జారింది. పాత చైను పొడవుకు తగ్గట్టు అరిగి, పిల్లి గోళ్లలా వంగిన పళ్ల మీద కొత్త చైను సరిగా కూర్చోదు. అటువంటప్పుడు రెండింటినీ కలిపి మార్చక తప్పదు.

గేర్లు లేని సైకిల్‌లో చైను జారడం కాక, ఊడి కింద పడుతుంటే ముందు చూడవలసింది వెనుక చక్రం. యాక్సిల్ నట్లు వదులై చక్రం ముందుకు జరిగి ఉండవచ్చు. నట్లు వదిలించి, చక్రాన్ని వెనక్కి లాగి, కింది వైపు చైను నడిమిలో వేలితో పైకీ కిందికీ కదిపితే దాదాపు అరంగుళం ఆడేలా బిగించండి. టైరు ఫ్రేమ్‌కు రెండు వైపులా సమాన దూరంలో ఉండాలి. వెనక్కి లాగడానికి గాడిలో ఇక చోటు లేకపోతే అది కూడా అరిగిన చైను గుర్తే. చైను ఒకచోట బిగుసుకుని మరోచోట వదులవుతుంటే చైను వీల్ (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం) నడిమి తప్పి తిరుగుతోందేమో చూడండి.

తొక్కుతుంటే క్రమం తప్పకుండా ఒక చిన్న కుదుపు వస్తుంటే ఏదో ఒక లింకు బిగుసుకుంది. గేర్ల సైకిల్‌లో పెడల్‌ను వెనక్కి తిప్పితే ఆ లింకు వెనుక చిన్న చక్రాల దగ్గర వంకరగా ఎగిరి కనిపిస్తుంది. దాన్ని చేతులతో అటూ ఇటూ పక్కలకు వంచితే సాధారణంగా వదులవుతుంది.

కొత్త చైను కొనేటప్పుడు వెడల్పు ముఖ్యం. గేర్లు లేని సైకిళ్లకు సాధారణంగా లోపలి వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు ఉండేది సరిపోతుంది; గేర్ల సైకిల్‌కు వెనుక ఎన్ని పళ్ల చక్రాలున్నాయో చెప్పి దానికి సరిపడేదే అడగాలి. పాత చైనును పక్కన పరిచి పొడవుకు పొడవు కోయకండి. పాతది అరిగి పొడవైంది కనుక అలా కోస్తే కొత్తదానిలో ఒక లింకు ఎక్కువ మిగిలిపోవచ్చు. లింకులు లెక్కపెట్టి కోయడమే సరైనది.

మామూలు సైకిల్‌లో చైను కవర్ విప్పాక చైను రెండు కొసలనూ కలిపే లాకు లింకు కనబడుతుంది. దాని క్లిప్పును ప్లయర్‌తో నెడితే ఊడి వస్తుంది. ఎగిరి పోకుండా కింద పాత గుడ్డ పరచుకోండి, నేనొకటి వరండాలో అరగంట వెతికాను. లాకు లింకు లేకపోతే చైను పిన్నులు నెట్టే పనిముట్టు కావాలి. మేకూ సుత్తీతో కొడితే పలకలు వంగుతాయి. కొత్త చైనును పాతది వెళ్లిన దారిలోనే ఎక్కించి లాకు వేసేటప్పుడు, క్లిప్పు మూసిన కొస చైను కదిలే దిక్కుకు, తెరిచిన కొస వెనక్కి ఉండాలి. తిరగేసి వేస్తే నడుస్తుండగా ఏదైనా తగిలి ఊడిపోయే ప్రమాదముంది.

ఆ తరువాత ప్రతి రోలరు (పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం) మీద ఒక్కొక్క చుక్క మెషిన్ ఆయిల్ వేసి, పెడల్‌ను కాసేపు వెనక్కి తిప్పి, పైన మిగిలినదంతా గుడ్డతో తుడిచేయండి. కొబ్బరినూనె వేస్తే కొద్దిరోజుల్లో జిగటగా మారి దుమ్మును పట్టేస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానల్లో తడిసిన ప్రతిసారీ ముందు తుడిచి ఆరనిచ్చి, ఆ తరువాతే నూనె వేయాలి.