ఇంట్లో రికార్డింగ్ స్టూడియో – 3వ పాఠం: గదిని వినడం, మైకు నిలబెట్టడం

కిందటి పాఠంలో ఇంటర్‌ఫేస్‌ని, అంటే మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే పెట్టెని, కంప్యూటర్‌కి కలిపాం. కండెన్సర్ మైకుకి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ గుండా మైకుకి అందే కరెంటు) ఇచ్చాం. గొంతు విప్పగానే స్క్రీన్ మీద అలలు కదలడం చూశాం. ఆ ఉత్సాహంలో మీరు ఈపాటికి ఏదో ఒకటి పాడి వినే ఉంటారు. గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుగా ఉండి ఉంటుంది. అలా ఉంటే మైకు మంచిది కాదేమోనని కంగారు పడకండి, కొత్తది కొనే ఆలోచన అసలే వద్దు. ఆ నుయ్యి మీ గదే.

గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు అయిపోయాక కూడా సన్నగా, రేకు మోగినట్టు ఏదైనా మిగిలిందా? ఎదురెదురుగా ఉన్న ఉత్త గోడల మధ్య శబ్దం బంతిలా అటూ ఇటూ కొట్టుకుంటోందన్నమాట. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. మీటరు దూరంలో ఉన్న గోడకి తగిలి తిరిగి రావడానికి దానికి 6 మిల్లీసెకన్లు చాలు. అంత తక్కువ వ్యవధిలో వచ్చేదాన్ని మన చెవి విడిగా ప్రతిధ్వని అని గుర్తుపట్టదు. అది అసలు గొంతులో కలిసిపోయి, కొన్ని స్వరాల్ని ఉబ్బించి, కొన్నిటిని మింగేస్తుంది. ఒకసారి రికార్డయ్యాక ఆ కలిసిపోయినదాన్ని శుభ్రంగా విడదీయడం చాలా కష్టం. అందుకే పని ముందే చేసుకోవాలి.

గోడల నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని పీల్చుకోడానికి దుప్పటి కడతాం. అది ఎక్కడ కట్టాలి? మైకు వెనక గోడకి కట్టాలని ఎక్కువమంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే కట్టాను. కానీ మనం ఇంట్లో వాడే మైకుల్లో ఎక్కువ భాగం కార్డియాయిడ్ రకం. అవి ముందువైపు బాగా వింటాయి, వెనకవైపు దాదాపు వినవు. మైకు ముందు ఉన్నది మీరు, మీ వెనక ఉన్న గోడ. కాబట్టి మందపాటి దుప్పటి మీ వీపు వెనక వేలాడాలి. గోడకి అంటించకుండా జానెడు ఖాళీ వదిలితే ఇంకొంచెం కింది స్వరాల్ని కూడా అది పీల్చుకుంటుంది. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి దానికి వీపు పెట్టి నిలబడినా మంచి ఫలితమే. మూలల్లో మాత్రం నిలబడొద్దు, మంద్ర స్వరాలు అక్కడ పేరుకుపోతాయి. గుడ్ల ట్రేలు అంటిస్తే బయటి చప్పుడు ఆగిపోతుందన్న మాట నమ్మకండి. శబ్దాన్ని ఆపడానికి బరువు కావాలి, అది వాటికి లేదు. ఫ్యాను, ఫ్రిజ్ ఎలాగూ ఆపేస్తారు కదా. ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకుండా తాళంచెవులు అందులో పెట్టుకోండి, నేనలాగే చేస్తాను.

ఇక దూరం. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే దీన్నే పెట్టుకోమంటాను. నోటికీ మైకుకీ మధ్య దూరం సగం చేస్తే నేరుగా అందే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గది శబ్దం మాత్రం ఇంచుమించు ఉన్నచోటే ఉంటుంది. అంటే దగ్గరికి జరిగేకొద్దీ గది వెనక్కి పోతుంది. మరి మైకుకి పెదవులు ఆనించి పాడితే? కార్డియాయిడ్ మైకుకి మరీ దగ్గరైతే గొంతులో గంభీరత అతిగా పెరిగి మాటలు ముద్దగా వినిపిస్తాయి. జానెడు దూరంతో మొదలుపెట్టండి.

ఇప్పుడు అరచేతిని నోటి ముందు పెట్టి ‘ఫలం’, ‘భయం’, ‘పాట’ అని గట్టిగా పలకండి. చేతికి తగిలిన గాలి రేపు మైకు పొరకి తగిలి ‘డబ్’ మంటుంది. మహాప్రాణాలు ఒత్తి పలికేవాళ్లకి ఈ బాధ ఇంకా ఎక్కువ. మైకుకి బెత్తెడు ముందు పాప్ ఫిల్టర్ (గాలి దెబ్బని ఆపే పల్చటి తెర) పెట్టండి. అది లేకపోతే మైకుని కాస్త పక్కకి జరిపి నోటివైపు ఏటవాలుగా తిప్పండి. గాలి తిన్నగా వెళ్లిపోతుంది, గొంతు మాత్రం మైకుకి అందుతుంది.

గెయిన్, అంటే మైకు శబ్దాన్ని ఇంటర్‌ఫేస్ ఎంత పెంచాలన్నది, పెట్టేటప్పుడు పల్లవి మొదటి లైను మెల్లగా అనుకుని చూస్తే లాభం లేదు. పాటలో అన్నిటికంటే పైకి వెళ్లే చోటు పూర్తి గొంతుతో పాడండి. అక్కడ స్క్రీన్ మీది లెవెల్ మీటరు మైనస్ 12 డెసిబెల్స్, మహా అయితే మైనస్ 10 దాకా రావాలి. సున్నా తాకితే అల తల తెగిపోయి గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. ఒకసారి నేను గెయిన్ ఎక్కువ పెట్టుకుని, రెండు గంటల తర్వాత కుదిరిన టేక్‌ని సరిగ్గా తారస్థాయి దగ్గరే పోగొట్టుకున్నాను. ఆ భావం ఆ రోజు మళ్లీ రాలేదు. 24 బిట్‌లో (శబ్దాన్ని ఎంత సూక్ష్మంగా రాసుకోవాలో చెప్పే సెట్టింగ్ ఇది) రికార్డ్ చేస్తున్నంతకాలం లెవెల్ తక్కువైందని టెన్షన్ అక్కర్లేదు. అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 16 బిట్‌కి సిద్ధాంతపరంగా దొరికే పరిధి 96 డెసిబెల్స్ అయితే, 24 బిట్‌కి 144. తర్వాత నిశ్చింతగా పెంచుకోవచ్చు.

హెడ్‌ఫోన్స్‌లో మీ గొంతు ఆలస్యంగా వినిపిస్తుంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్‌ని (కంప్యూటర్ ఒక్కోసారి ఎంత శబ్దం పోగేసుకుని పంపాలన్నది) 128 శాంపిల్స్‌కి తగ్గించండి, లేదా ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటరింగ్ (గొంతు కంప్యూటర్ చుట్టూ తిరిగి రాకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌కి రావడం) ఆన్ చేయండి. దీని సంగతి రెండో ట్రాక్ పాడేటప్పుడు వివరంగా చూద్దాం.

ఈ వారం అభ్యాసం: మీకు బాగా వచ్చిన ఒకే ఒక్క లైను తీసుకుని బెత్తెడు, జానెడు, మూరెడు దూరాల్లో మూడుసార్లు పాడండి. ప్రతి టేక్ ముందూ దూరం ఎంతో నోటితో చెప్పండి. తర్వాత దుప్పటి తీసేసి మళ్లీ మూడుసార్లు. వినే ముందు ఆరింటి వాల్యూమ్ సమానం చేయండి, లేకపోతే గట్టిగా వినిపించేదే బాగున్నట్టు అనిపిస్తుంది. ఆ రోజే వినకండి. మర్నాడు పొద్దున కళ్లు మూసుకుని విని, మీ గొంతు మీ పక్కనే కూర్చుని పాడినట్టున్న టేక్ ఏదో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ దూరంతోనే పాట మొత్తం పాడతాం.