నిర్ణయం ప్రాజెక్టుల్లో బీజగణితం ఎక్కడ జారిపోతుంది: సమస్య - పరిష్కారం

నిజజీవిత నిర్ణయాలను ప్రాజెక్టులుగా ఇచ్చి హైస్కూలు పిల్లలకు బీజగణితం నేర్పడం చాలా మంచి పద్ధతి. అయితే ఈ ప్రాజెక్టులు మధ్యలో దారితప్పడం కూడా అంతే మామూలు. అలా జరిగినప్పుడల్లా "పిల్లలకు బేసిక్స్ లేవు" అని సరిపెట్టుకుంటాం. నన్నడిగితే, చాలాసార్లు లోపం మనం ఇచ్చిన ప్రశ్నలోనే ఉంటుంది. "ఏది మంచిది?" అని అడిగితే పిల్లలు అభిప్రాయం చెబుతారు. "ఎంత దాటితే మన నిర్ణయం మారిపోతుంది?" అని అడిగితే సమీకరణం రాయక తప్పదు. కింద చెప్పే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ తేడా దగ్గరే మొదలవుతాయి.

1. ప్రాజెక్టు బాగుంది, బీజగణితం మాత్రం కనిపించదు

లక్షణం: చార్టు అందంగా ఉంటుంది, రంగులు, బొమ్మలు, పట్టికలు అన్నీ ఉంటాయి. చివర "అందుకే మేం రెండోది ఎంచుకున్నాం" అని ఉంటుంది. వెతికితే కూడికలు, గుణకారాలు దొరుకుతాయి కానీ చరరాశి ఎక్కడా ఉండదు.

కారణం: ఆ నిర్ణయానికి బీజగణితంతో పని లేదు. "స్కూలు పత్రిక 300 కాపీలు వేయించాలి, రెండు ప్రెస్సుల రేట్లు ఇవి, ఏది చవక?" అని ఇచ్చామనుకోండి. 300 అని మనమే చెప్పేశాక ఇంక మిగిలేది అంకగణితమే. పిల్లలు సులువైన దారిలో వెళ్లారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఒక ఎంపిక అన్నివిధాలా రెండోదాని కంటే మెరుగ్గా ఉన్నా ఇదే జరుగుతుంది. అక్కడ తేల్చడానికి ఏమీ ఉండదు.

పరిష్కారం: ఆ 300 తీసేయండి. మొదటి ప్రెస్సు ప్రారంభ ఖర్చు 500, కాపీకి 2. రెండో ప్రెస్సు ప్రారంభ ఖర్చు 200, కాపీకి 3.5. ఎన్ని కాపీలు కావాలో ఇంకా తేలలేదు. కాపీల సంఖ్య క అనుకుంటే ఖర్చులు 500 + 2క, 200 + 3.5క అవుతాయి. రెండూ సమానమయ్యేది క = 200 దగ్గర, అప్పుడు రెండింటి ఖర్చూ 900. అంతకు తక్కువైతే రెండో ప్రెస్సు, ఎక్కువైతే మొదటిది. ఇప్పుడు పిల్లలు రాసే సలహా ఒక్క పేరుతో ముగియదు, ఒక షరతుతో వస్తుంది. వాలు అంటే కాపీ రేటు అనీ, అంతరఖండం అంటే ఒక్క కాపీ వేయకముందే కట్టాల్సిన మొత్తమనీ వేరే చెప్పక్కర్లేదు, గ్రాఫు గీస్తుంటేనే తెలిసిపోతుంది.

తరగతి చురుగ్గా ఉంటే ఇక్కడే మరో మెలిక పెట్టొచ్చు. రెండో ప్రెస్సు "150 కాపీలు దాటితే కాపీ 2.5 మాత్రమే" అంది. ఆ మాటకు రెండు అర్థాలున్నాయి. 150 దాటిన కాపీలకు మాత్రమే తగ్గింపు అంటే, 150 తర్వాత ఖర్చు 350 + 2.5క అవుతుంది, మలుపు, అంటే రెండు ఖర్చులూ సమానమయ్యే చోటు, 300 కాపీల దగ్గరికి జరుగుతుంది. మొత్తం కాపీలన్నిటికీ తగ్గింపు అంటే ఖర్చు 200 + 2.5క, మలుపు ఏకంగా 600 దగ్గరికి వెళ్లిపోతుంది. షరతులో ఒక్క మాటను ఎలా చదివామన్నదానిమీద జవాబు రెట్టింపైంది. ఈ వాదన పిల్లల మధ్య జరగనివ్వండి, మీరు తీర్పు చెప్పకండి. "ప్రెస్సువాళ్లను అడిగి తెలుసుకోవాలి" అని ఏ పిల్లో పిల్లాడో అన్నప్పుడు ఆ తరగతి నిజంగా నిర్ణయం తీసుకోవడం నేర్చుకుంటోందన్నమాట.

ప్రాజెక్టు ఇచ్చే ముందు మీరు ఒక్కటి చూసుకుంటే చాలు: ఆ రెండు రేఖలు పిల్లలకు నిజంగా ఎదురయ్యే సంఖ్యల పరిధిలో కలుసుకుంటున్నాయా? 40,000 కాపీల దగ్గర కలుసుకుంటే అది కాగితం మీది మలుపే.

2. సమీకరణం తలకిందులుగా వస్తుంది

లక్షణం: "ఒక్కో ఆచార్యుడికి ఆరుగురు విద్యార్థులు" అన్నదాన్ని 6వి = ఆ అని రాస్తారు.

ఇది వెనకబడిన పిల్లలు చేసే తప్పు అనుకోవద్దు. 1980ల ఆరంభంలో అమెరికాలో ఈ ప్రశ్ననే ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఇస్తే, మూడో వంతుకు పైగా తప్పు రాశారు. కారణం, వాళ్లు "వి" అన్నదాన్ని సంఖ్యగా చూడలేదు, విద్యార్థి అనే మనిషికి పొట్టిపేరుగా చూశారు. "ఆరుగురు విద్యార్థులకు ఒక ఆచార్యుడు" అన్న మాటను ఎడమనుంచి కుడికి అలాగే గుర్తుల్లోకి దించేశారు.

పరిష్కారం: "వి = విద్యార్థులు" అని రాయనివ్వకండి. "వి = విద్యార్థుల సంఖ్య" అని పూర్తిగా రాయించండి. ఆ తర్వాత సమీకరణం కన్నా ముందు రెండు వరుసల పట్టిక వేయించండి: ఆచార్యులు 1, విద్యార్థులు 6, ఆచార్యులు 10, విద్యార్థులు 60. సమీకరణం రాశాక 10, 60 అందులో పెట్టి చూస్తే 6 × 60 = 10 అని వస్తుంది. ఆ తప్పు మనం చూపించక్కర్లేదు. నిర్ణయం ప్రాజెక్టుల్లో ఈ అలవాటు మరీ అవసరం, ఎందుకంటే ఇక్కడ చరరాశులు పిల్లలే పెట్టుకుంటారు.

3. ముందే అనుకున్నది గెలిచేలా మార్కులు సర్దేస్తారు

లక్షణం: ల్యాప్‌టాప్, కోర్సు, ప్రయాణ మార్గం లాంటివి ఎంచుకునే ప్రాజెక్టుల్లో ఒక్కో అంశానికి ఇంత ప్రాధాన్యం అని భారాలు వేసుకుంటారు కదా. మొదటి లెక్కలో నచ్చనిది గెలిస్తే భారాలు మార్చి మళ్లీ లెక్క చేస్తారు. నచ్చింది గెలిచేదాకా అలా చేస్తూనే ఉంటారు.

దీన్ని మోసం అనకండి. ఇందులో రెండు కారణాలు కలిసి ఉంటాయి. ఒకటి, భారాలు వివరాలు చూశాక వేశారు. రెండోది, యూనిట్లను కలగాపులగం చేశారు.

రెండోదాన్ని బోర్డుమీద చూపించడం చాలా తేలిక. మొదటి ల్యాప్‌టాప్ బరువు 1,400 గ్రాములు, బ్యాటరీ 10 గంటలు. రెండోది 1,640 గ్రాములు, 12 గంటలు. "బ్యాటరీ మంచిది, బరువు చెడ్డది" అని గంటల్లోంచి బరువు తీసేశారనుకోండి. గ్రాముల్లో అయితే −1,390, −1,628 వస్తాయి, మొదటిది గెలుస్తుంది. కిలోల్లో అయితే 8.6, 10.36 వస్తాయి, రెండోది గెలుస్తుంది. వస్తువులు అవే, యూనిట్లు మారగానే విజేత మారిపోయింది. ఇది చూశాక పిల్లలు ఆ పద్ధతిని వాళ్లంతట వాళ్లే వదిలేస్తారు.

పరిష్కారం: ప్రతి అంశాన్నీ 0 నుంచి 100 స్కేలుకు తెప్పించండి. అసలు బీజగణితం ఇక్కడే ఉంది. పరిశీలిస్తున్న రకం ల్యాప్‌టాప్‌లు 1,200 నుంచి 2,000 గ్రాముల మధ్య ఉంటే, 1,200కి 100 మార్కులు, 2,000కి 0. రెండు బిందువులు ఇచ్చి సరళరేఖ సమీకరణం కనుక్కోమనడమే ఇది. వాలు −1/8 వస్తుంది. 1,400 గ్రాములకు 75 మార్కులు, 1,640కి 45. బ్యాటరీ 6 నుంచి 16 గంటలు అనుకుంటే గంటకు 10 మార్కులు; 10 గంటలకు 40, 12 గంటలకు 60. బరువుకు రుణాత్మక వాలు ఎందుకు వచ్చిందని అడగండి. "తక్కువైతేనే మంచిది కాబట్టి" అన్న జవాబు వస్తే వాలు గుర్తు అర్థం పట్టుబడినట్టే.

ఇక భారాల సంగతి. వివరాలు ఇవ్వకముందే ఎవరి భారాలు వాళ్లతో రాయించి కాగితాలు తీసుకోండి. అంతటితో వదిలేయకుండా భారాన్నే చరరాశి చేయండి. తేలికదనానికి భ, బ్యాటరీకి 1 − భ. మొదటిదాని స్కోరు 75భ + 40(1 − భ), అంటే 40 + 35భ. రెండోదాని స్కోరు 45భ + 60(1 − భ), అంటే 60 − 15భ. రెండూ సమానమయ్యేది భ = 0.4 దగ్గర, అక్కడ రెండింటికీ 54. ఇంక భారాలు సర్దాల్సిన పని ఉండదు. "తేలికదనానికి 40 శాతం కంటే ఎక్కువ విలువ ఇచ్చేవాళ్లకు మొదటిది, తక్కువ ఇచ్చేవాళ్లకు రెండోది" అన్నదే నివేదిక.

నిర్ణయాన్ని బీజగణితంగా చూడటం ఈనాటి ఆలోచన కాదు. 1772లో అమెరికన్ రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్‌లీకి రాసిన ఉత్తరంలో ఒక పద్ధతి చెప్పాడు: కాగితం మధ్య గీత గీసి, అనుకూల కారణాలు ఒకవైపు, ప్రతికూల కారణాలు ఇంకోవైపు మూడు నాలుగు రోజులపాటు రాసుకుంటూ పోవాలి, తర్వాత సమాన బరువున్నవాటిని రెండు వైపులా కొట్టేయాలి. దానికి ఆయన బీజగణితం పేరే పెట్టాడు. సమీకరణంలో రెండు వైపులా ఉన్న సమాన పదాలను కొట్టేయడం సరిగ్గా ఇదే. రెండు ల్యాప్‌టాప్‌లకూ తెర మార్కులు సమానమైతే, ఆ అంశం నిర్ణయంలోంచి దానంతటదే తప్పుకుంటుంది.

4. జవాబు వచ్చింది, అర్థం రాలేదు

లక్షణం: "187.5 కాపీలు వేయించాలి" అని రాసి కింద రెండు గీతలు గీస్తారు.

1980ల ఆరంభంలో అమెరికా జాతీయ విద్యా మూల్యాంకనంలో 13 ఏళ్ల పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు. బస్సులో 36 మంది సైనికులు పడతారు, 1,128 మందిని తీసుకెళ్లాలి, ఎన్ని బస్సులు కావాలి? దాదాపు 70 శాతం మంది భాగహారం సరిగ్గానే చేశారు. 32 బస్సులు అన్నవాళ్లు మాత్రం 23 శాతమే. "31, శేషం 12" అని రాసినవాళ్లు 29 శాతం. ఆ పన్నెండు మందీ రోడ్డు మీద నిలబడిపోయారని వాళ్లకు తట్టలేదు.

కారణం: లెక్క ముగిసింది అనడానికి గుర్తు సంఖ్య రావడమే అని అలవాటు చేశాం. పరిష్కారం: చివరి వాక్యంలో గుర్తులు ఉండకూడదని నియమం పెట్టండి. లెక్కలు రాని తాతయ్యకు చెబుతున్నట్టు మామూలు మాటల్లో ఉండాలి. దాంతోపాటు చరరాశికి ఏయే విలువలు కుదురుతాయో, అంటే పూర్ణసంఖ్యలేనా, సున్నా కుదురుతుందా అన్నది మొదటి పేజీలోనే రాయించండి.

5. తెచ్చిన కొలతలు సరళరేఖ మీద పడవు

ఫోను చార్జింగ్ ఎంత ముందు మొదలుపెట్టాలో తేల్చే ప్రాజెక్టు తీసుకోండి. 20 నుంచి 60 శాతం దాకా బిందువులు చక్కగా వరుసలో ఉంటాయి. ఆ రేఖను పొడిగించి 100 శాతం ఎప్పుడవుతుందో చెబితే, అసలు బ్యాటరీ నిండేసరికి ఇంకా ఆలస్యమవుతుంది. లిథియం అయాన్ బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు తగ్గుతుంది, అందువల్ల చివరి భాగం నెమ్మదిగా సాగుతుంది. కొలతలను "సరిచేసి" ఇవ్వకండి. "మా సమీకరణం ఎంతవరకు పనిచేస్తుంది" అనే వాక్యం నివేదికలో తప్పనిసరి చేయండి.

6. అసమీకరణాల్లో తప్పు వైపు షేడ్ చేస్తారు

లక్షణం: "≤ ఉంటే కింద, ≥ ఉంటే పైన" అని బట్టీ పట్టిన సూత్రం. అసమీకరణాన్ని వేరేలా రాస్తే ఆ సూత్రం తప్పిపోతుంది.

కారణం: ఆ ప్రాంతంలోని ప్రతి బిందువూ చేయగలిగిన ఒక ప్రణాళిక అన్న సంగతి వాళ్ల ఊహలోకి రాలేదు.

పరిష్కారం: గీతకు ముందు ప్రణాళికలు. ప్రదర్శన కోసం మోడల్‌కు 3 గంటలు, పోస్టరుకు 1 గంట పడుతుంది. ఉన్నది 24 గంటలు, అన్నీ కలిపి 14 వస్తువులకే చోటుంది. "2 మోడళ్లు, 3 పోస్టర్లు చేయగలమా? 7 మోడళ్లు, 6 పోస్టర్లు?" అని అడిగి, చేయగలిగినవి ఒక రంగులో, కుదరనివి ఇంకో రంగులో గ్రాఫు మీద పెట్టించండి. 7, 6కు 27 గంటలు కావాలి కాబట్టి కుదరదు. బిందువులు పెరిగేకొద్దీ సరిహద్దు దానంతటదే కనిపిస్తుంది.

పోస్టరుకు 2 పాయింట్లు, మోడల్‌కు 5 అయితే, చేయగలిగిన ప్రాంతపు మూలల్లో అన్నిటికంటే మంచిది 5 మోడళ్లు, 9 పోస్టర్లు: 43 పాయింట్లు. ఇక్కడా మన ప్రశ్నే అడగాలి. మోడల్ విలువ ఎంత దాటితే పోస్టర్లు మానేసి 8 మోడళ్లే చేయాలి? విలువ మ అయితే 8మ = 5మ + 18, మ = 6. 5 అన్నది మన అంచనా మాత్రమే కదా, అది పెరిగినా 6 దాటనంతవరకు ప్రణాళిక మార్చక్కర్లేదు. అంచనా కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదని ధైర్యంగా చెప్పగలగడం పిల్లలకు గొప్ప సంతోషం.

రెండు చరరాశులు దాటితే ఏమవుతుందని ఎవరో ఒకరు అడుగుతారు. 1945లో ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 77 ఆహార పదార్థాలు, 9 పోషకాలతో అతి చవకైన ఆహారం కనుక్కునే లెక్క ప్రచురించాడు. 1947లో గణితవేత్త జార్జ్ డాంట్‌జిగ్, ఇలాంటి మూలలను ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ వెళ్లే సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాక, దాన్ని పరీక్షించడానికి అదే లెక్కను చేతితో నడిపే లెక్కల యంత్రాల మీద చేశారు. తొమ్మిది మంది గుమాస్తాలకు అది 120 మనిషి-రోజుల పని అయింది. పిల్లలు గ్రాఫు మీద వెతికిన మూలలాంటి మూలలే అవి కూడా.

7. నలుగురి గుంపులో ఒక్కరే పనిచేస్తారు

ఒకే షీటు అడిగితే ఒకే చెయ్యి రాస్తుంది. ఒక్కో విద్యార్థికి ఒక్కో ఎంపిక ఇచ్చి, దాని సమీకరణం, గ్రాఫు వాళ్ల బాధ్యత చేయండి. ఖండన బిందువు కావాలంటే రెండు రేఖలూ ఒకే గ్రాఫు మీదికి రావాలి కాబట్టి మాట్లాడుకోక తప్పదు.

8. సిలబస్ వెనకబడుతుంది, మార్కులు అలంకరణకు పోతాయి

మూడు వారాల పెద్ద ప్రాజెక్టుతో మొదలుపెట్టకండి. ప్రెస్సుల ప్రశ్న ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది, పైగా అది రేఖీయ సమీకరణాల జత పాఠానికి బదులే అవుతుంది కానీ అదనం కాదు.

మార్కుల్లో ఏది ఎంచుకున్నారన్నదానికి ఏమీ వేయకండి; ఎదురెదురు నిర్ణయాలు తీసుకున్న రెండు గుంపులకూ పూర్తి మార్కులు రావచ్చు. చరరాశుల నిర్వచనం, సమీకరణం, మలుపు బిందువు, మామూలు మాటల సలహా, వీటికి వేయండి. మిగిలిన భాగం నోటి ప్రశ్నకు ఉంచండి. వాళ్ల షీటులోనే ఒక సంఖ్య మార్చి, ప్రారంభ ఖర్చు 500 బదులు 350 అయితే మలుపు ఎటు జరుగుతుందని అడగండి. లెక్క చేయకముందే "ఎడమవైపుకి" అనగలిగితే దానికి విడిగా మార్కులివ్వండి, 100 అన్న జవాబు ఆ తర్వాత కాగితం మీద తీరిగ్గా వస్తుంది.