చిట్కాలు పక్కనపెట్టి మీ స్వింగ్‌తోనే గోల్ఫ్ ఆడటం ఎలా

ఎడమ చేయి వంచకు, తల ఎత్తకు, నడుము ముందు తిప్పు, మణికట్టు ఆలస్యంగా వదులు. బంతిని కొట్టడానికి క్లబ్‌ను (గోల్ఫ్ కర్రను) ఎత్తి దించే కదలికకు, అంటే స్వింగ్‌కు, అందరూ చెప్పే చిట్కాలివి. వీటిలో ఏ ఒక్కటీ పూర్తిగా తప్పు కాదు. నాలుగూ ఒకేసారి బుర్రలో పెట్టుకుని బంతి ముందు నిలబడితే మాత్రం మొదటికే మోసం వస్తుంది. క్లబ్ పైనుంచి కిందకు దిగి బంతిని తాకడానికి పట్టేది ఇంచుమించు పావు సెకను. కంటికి కనిపించిన దానికి చేయి స్పందించడానికే దాదాపు 0.2 సెకన్లు కావాలి. అంటే కిందకు వచ్చేటప్పుడు ఏదీ ఆలోచించి సరిదిద్దలేం. ఆ పావు సెకనులో పనిచేసేది ఒంటికి అలవాటైన కదలిక మాత్రమే.

ఇక్కడ చెప్పేది కుడిచేతి వాటం వాళ్లను దృష్టిలో పెట్టుకుని. ఎడమచేతి వాటం వాళ్లు కుడిఎడమలు మార్చుకుని చదువుకోవాలి.

చిట్కా ఎందుకు బెడిసికొడుతుంది

ఎవరి స్వింగ్ అయినా సర్దుబాట్ల కూర్పు. ఒకచోట ఉన్న లోటును ఇంకోచోట ఒళ్లు తనంతట తానే పూడ్చుకుంటుంది. ఒకాయన ఎడమచేతి పట్టు బాగా కుడివైపుకు తిరిగి ఉందనుకోండి. అలాంటి పట్టుతో క్లబ్‌ఫేస్ (బంతిని తాకే ముఖభాగం) త్వరగా మూసుకుపోతుంది, అంటే ఎడమకు తిరుగుతుంది. అది తెలిసిన ఒళ్లు, బంతి ఎడమకు పోకుండా నడుమును చురుగ్గా తిప్పి ఫేస్‌ను నిలబెడుతుంది. రెండూ కలిసి బంతి చక్కగా పోతోంది. ఇంతలో ‘పట్టు నడిమధ్యన ఉండాలి’ అని ఎవరో చెప్పారు. పట్టు మారింది, నడుము మారలేదు. ఇప్పుడు ఫేస్ తెరుచుకునే, అంటే కుడికి చూస్తూ, ఉండి బంతి కుడికి పోతుంది. దానికి విరుగుడుగా ‘మణికట్లు తిప్పు’ అన్నారు. తిప్పితే ఒక బంతి హుక్ (ఎడమకు బాగా వంగేది), మరో బంతి స్లైస్ (కుడికి బాగా వంగేది). వారం తిరిగేసరికి ఏ బంతి ఎటు పోతుందో తెలియని స్థితి. చిట్కా ఇచ్చినవాళ్లు అబద్ధం చెప్పలేదు. జంటలో సగాన్ని మాత్రం మార్చారు, అంతే.

అమెరికా గోల్ఫర్ జిమ్ ఫ్యూరిక్ క్లబ్‌ను బయటివైపుగా నిటారుగా ఎత్తి, పైన సున్నా చుట్టినట్టు తిప్పి లోపలికి దించుతాడు. ఏ పాఠంలోనూ అలా నేర్పరు. ఆ స్వింగ్‌తోనే 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో అమెరికా వృత్తి ఆటగాళ్ల పీజీఏ టూర్ చరిత్రలో తొలిసారి ఒక రౌండ్‌ను (18 హోల్స్) 58 స్ట్రోక్‌లలో ముగించాడు. మరో అమెరికన్ లీ ట్రెవినో ఎడమవైపుకు తిరిగి నిలబడి, బంతిని ఫేడ్ చేస్తూ (కాస్త కుడికి వంచుతూ) ఆరు మేజర్లు (అతి పెద్ద టోర్నీలు) గెలిచాడు. వంకర స్వింగే మంచిదని దీని అర్థం కాదు. తాకే క్షణంలో ఫేస్ ఎటు చూస్తోంది, క్లబ్ ఎటు కదులుతోంది, బంతి ఫేస్‌లో ఎక్కడ తగిలింది, ఎంత వేగంతో, ఏ కోణంలో దిగింది అన్నవే బంతికి తెలుసు. మీరు క్లబ్ ఎత్తిన తీరు దానికి కనిపించదు.

ముందు మీ బంతిని చదవండి

రేంజ్‌లో (సాధన మైదానంలో) ఒళ్లు వేడెక్కేదాకా ఓ పది బంతులు కొట్టండి. తర్వాత సెవెన్ ఐరన్‌తో (మధ్యస్థ దూరాలకు వాడే 7వ నంబరు క్లబ్), ఒకే గురికి, ఇరవై బంతులు. ఏదీ సరిదిద్దుకోవద్దు. ఒక్కో బంతికి మూడు విషయాలు రాసుకోండి: ఎటు బయల్దేరింది, గాల్లో ఎటు వంగింది, ఫేస్‌లో ఎక్కడ తగిలింది. మూడోది తెలియాలంటే ఫేస్ మీద పాదాలకు వాడే పౌడర్ స్ప్రే పలచగా కొట్టండి. బంతి తగిలినచోట పౌడర్ చెదిరి గుండ్రటి మచ్చ పడుతుంది. రెండు మూడు బంతులకోసారి తుడిచి మళ్లీ కొట్టాలి, లేకపోతే మచ్చలు కలిసిపోతాయి.

బంతి బయల్దేరే దిక్కును ఎక్కువగా నిర్ణయించేది ఫేస్. ఐరన్‌తో దాదాపు నాలుగింట మూడు వంతులు, డ్రైవర్‌తో (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) ఇంకొంచెం ఎక్కువ. గాల్లో వంగడానికి కారణం ఫేస్ చూసే దిక్కుకూ క్లబ్ కదిలే దారికీ మధ్య తేడా. దారితో పోలిస్తే ఫేస్ కుడికి చూస్తే బంతి కుడికి, ఎడమకు చూస్తే ఎడమకు వంగుతుంది. ఇదంతా బంతి ఫేస్ మధ్యలో తగిలితేనే. డ్రైవర్‌లో మచ్చ ఫేస్ కొన వైపు (మీకు దూరంగా ఉండే చివర) పడితే బంతి ఎడమకు, ఫేస్ మడమ వైపు (కర్రకు అతికే చివర) పడితే కుడికి అదనంగా వంగుతుంది. మచ్చ చూడకుండా ‘నాది స్లైస్ స్వింగ్’ అని తేల్చేసుకునేవాళ్లలో కొందరికి అసలు ఇబ్బంది బంతి ఫేస్ మడమ వైపు తగలడమే.

ఇరవైలో పదమూడు, పద్నాలుగు ఒకే తీరుగా పోతే, ఉదాహరణకు కాస్త ఎడమకు బయల్దేరి కుడికి వాలితే, అదే మీ బంతి. దాన్ని మార్చే పని పెట్టుకోకండి. సగం అటూ సగం ఇటూ పోతే స్వింగ్‌ను తిట్టుకోవడానికి ముందు నిలబడే తీరు చూడండి. ఒక కర్రను పాదాల కొనల వెంట, గురి గీతకు సమాంతరంగా నేలమీద పెట్టి, రెండోదాన్ని బంతి స్థానం చూపేలా దానికి అడ్డంగా పెట్టి మళ్లీ ఇరవై కొట్టండి. ఏ గుర్తూ లేకపోతే బంతి స్థానం మనకు తెలియకుండానే రెండు అంగుళాలు ముందుకూ వెనక్కూ జరుగుతుంటుంది. ముందుకు జరిగితే క్లబ్ దాన్ని చేరేసరికి ఎడమకు తిరిగిపోతూ ఉంటుంది. వెనక్కి జరిగితే ఇంకా కుడివైపుకే వెళ్తూ ఉంటుంది. స్వింగ్ ఒకటే, బంతులు రెండు రకాలు.

కదలనివి సరిచేయండి, కదిలేదాన్ని వదిలేయండి

స్వింగ్ మొదలవకముందు చూసుకోగలిగినవి నాలుగు: పట్టు, బంతి స్థానం, నిలబడే దిక్కు, బంతికి దూరం. తీరిగ్గా చూసి సరిచేసుకోదగినవి ఇవే.

ఎడమచేతిలో క్లబ్ అరచేతి మధ్యలో కాకుండా వేళ్ల మొదళ్లలో ఉండాలి. పైనుంచి చూస్తే ఆ చేతి కణుపులు రెండో మూడో కనిపించాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గీత కుడి భుజం వైపు చూపాలి. పట్టు బిగువును పదికి కొలిస్తే నాలుగు చాలు. ముంజేయి గట్టిపడిందంటే ఎక్కువ బిగించినట్టే. బంతి స్థానం డ్రైవర్‌కు ఎడమ మడమ లోపలి అంచు ఎదురుగా, సెవెన్ ఐరన్‌కు పాదాల నడిమికి కాస్త ముందు, వెడ్జ్‌కు (దగ్గరి షాట్ల క్లబ్) నడిమిన. దూరం విషయంలో చేతులు భుజాల కింద సహజంగా వేలాడితే సరిపోతుంది. బరువు కాలివేళ్ల మీదకు వాలితే స్వింగ్‌లో ముందుకు తూలి, బంతి క్లబ్ మెడకు తగిలి అడ్డంగా ఎగిరిపోతుంది.

మీ సహజమైన కదలికను తెలుసుకోవడానికి బంతి లేకుండా గడ్డి మీద నిలబడండి. సెవెన్ ఐరన్ పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆగకుండా ఐదారుసార్లు ఊపండి. మూడోసారికే చేతులు తమ దారి తాము వెతుక్కుంటాయి. ఇప్పుడు నేలకేసి చూడండి. గడ్డి ఒరిగిన చోటు, కొన్ని పోచలు తెగి తెల్లగా కనిపించే చోటు, ప్రతిసారీ దాదాపు ఒక్కటే. మీ స్వింగ్‌లో అన్నిటికన్నా కిందకు దిగే స్థానం అది. ఐరన్‌తో ఆడేటప్పుడు బంతి దానికి కొంచెం వెనక, అంటే గురికి ఇంకాస్త దూరంగా, ఉండాలి. అప్పుడు ముందు బంతి, తర్వాత నేల తగులుతాయి.

రేంజ్‌లో పరిచే కృత్రిమ గడ్డి మ్యాట్ మీద ఈ సంగతి తెలియదు. బంతికి రెండు అంగుళాల వెనకే నేల తగిలినా క్లబ్ జారుకుంటూ వచ్చి బంతిని ఎగరేస్తుంది, మంచి షాట్ అనిపిస్తుంది. అందుకే మ్యాట్ మీద ఆడేవాళ్లు బంతికి వెనక, జానెడు కన్నా కాస్త తక్కువ దూరంలో, మడతపెట్టిన తువ్వాలు ఉంచుకోవాలి. తువ్వాలు కదలకూడదు.

లయ

ఆడటంలో ఆరితేరినవాళ్లలో ఎత్తడానికి పట్టే కాలం, దించడానికి పట్టే కాలానికి సుమారు మూడు రెట్లు. వేగం మనిషిని బట్టి మారుతుంది, ఈ నిష్పత్తి అంతగా మారదు. ‘త-క-ధి-మి-త’ అని సమానంగా అనుకోండి. మొదటి ‘త’తో క్లబ్ కదలాలి, ‘మి’ దగ్గర పైన ఉండాలి, చివరి ‘త’ బంతి మీద పడాలి. చిట్కాలతో బుర్ర నిండినవాళ్ల దగ్గర మొదట చెడేది ఇదే. పైకెత్తేటప్పుడు ఒక్కో భాగాన్నీ తనిఖీ చేస్తూ నెమ్మదిగా వెళ్తారు, ఆ నెమ్మదిని పూడ్చడానికి కిందకు గుంజుతారు. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి సగం బలంతో పది బంతులు కొట్టి చూడండి. గుంజితే తూలిపోతారు కాబట్టి లయ దానంతటదే తిరిగొస్తుంది.

ఏదో ఒకటి ఆలోచించక తప్పదంటే ఒంటి బయటి దాన్ని ఆలోచించండి. మోచేయి, నడుము కాదు: ఆ గడ్డిపోచ, గురి, క్లబ్ తల. గాబ్రియేల్ వుల్ఫ్ వంటి పరిశోధకులు 1990ల చివరి నుంచి చేసిన ప్రయోగాల్లో, గోల్ఫ్ పిచ్ షాట్లతో (దగ్గర నుంచి ఎత్తుగా లేపేవి) చేసినవాటిలో కూడా, ధ్యాస ఒంటి మీద ఉన్నవాళ్ల కన్నా క్లబ్ మీద ఉన్నవాళ్లు మెరుగ్గా నేర్చుకున్నారు.

కోర్సులో

మీ బంతి కుడికి వాలుతుందని తెలిశాక హోల్ దగ్గరి జెండాకు గురిపెట్టడం అమాయకత్వం. ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి) వెడల్పు 30 గజాలనుకుందాం. నడిమికి బయల్దేరే బంతికి కుడివైపు మిగిలేది 15 గజాలే. ఎడమ అంచు నుంచి బయల్దేరితే మొత్తం 30 మీవే. గురి మార్చేటప్పుడు పాదాలను మాత్రమే ఎడమకు తిప్పితే చాలదు, ఫేస్ కూడా కొత్త గురినే చూడాలి. పాదాలు ఎడమకు, ఫేస్ జెండాకు పెడితే ఆ రెంటి మధ్య తేడా పెరిగి ఫేడ్ కాస్తా స్లైస్ అవుతుంది.

షాట్‌కు ముందు చేసే పని చిన్నదిగా ఉండాలి. బంతి వెనక నిలబడి, గురి గీత మీద రెండు మూడు అడుగుల ముందున్న ఆకునో మచ్చనో ఎంచుకోండి. ఒక్కసారి గడ్డిని తాకేలా ఊపండి. ఫేస్‌ను ఆ మచ్చకు ఎదురుగా పెట్టి, దాన్ని బట్టి పాదాలు సర్దుకుని, గురి వైపు రెండుసార్లు చూసి కొట్టేయండి. మీ వంతు వచ్చాక 40 సెకన్లకు మించొద్దని నియమాలే సూచిస్తున్నాయి. ఇది అందులో సగంలో అయిపోవాలి. బంతి ముందు ఎక్కువసేపు నిలబడితే చేతులు బిగుసుకుంటాయి, పాత చిట్కాలు ఒక్కొక్కటే గుర్తొస్తాయి.

తోటి ఆటగాళ్లు చెప్పేవాటి సంగతి. రౌండ్ మధ్యలో మీ క్యాడీనీ (బ్యాగు మోసే సహాయకుణ్ని) భాగస్వామినీ తప్ప ఇంకెవరినీ సలహా అడగడం నియమాలకు విరుద్ధం. స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోక్‌లు లెక్కించే ఆట) రెండు స్ట్రోక్‌ల జరిమానా, మ్యాచ్ ప్లేలో (ఒక్కో హోల్ గెలుపు లెక్కించే ఆట) ఆ హోల్ పోయినట్టే. రేంజ్‌లో వాడిన కర్రలను దిక్కు చూసుకోవడానికి కోర్సులో నేలమీద పెట్టినా జరిమానానే.

ఎప్పుడు నమ్మకూడదు

‘ఇది నా సహజమైన స్వింగ్’ అన్న మాట బద్ధకానికి సాకు కాకూడదు. నడుమో మోచేయో మణికట్టో నొప్పెడుతుంటే కదలిక మారాల్సిందే. డ్రైవర్‌తో బంతి 30, 40 గజాలు వంగుతుంటే దాన్ని గురితో సర్దుకోలేరు. నేల ముందు తగలడం ఇరవైలో ఏడెనిమిదిసార్లు జరిగినా అంతే. అప్పుడు మీ ఆటను కళ్లారా చూసిన ఒకే ఒక శిక్షకుడి దగ్గరికి వెళ్లండి. ఏం మార్చాలో చెప్పినప్పుడు, దానికి తోడుగా ఇంకేం మారాలో కూడా అడగండి. ఒక మార్పుకు కనీసం మూడు వారాలివ్వండి. మొదట నడుము ఎత్తు దాకా ఊపే చిన్న స్వింగ్‌తోనే చేయండి. మొదటి వారంలో బంతి మునుపటికన్నా పాడుగా పోతే కంగారుపడి పాతదానికి తిరిగి పోకండి.

రౌండ్ మధ్యలో స్వింగ్ చెదిరితే అక్కడ మరమ్మతు మొదలెట్టొద్దు. పట్టు బిగువు, బంతి స్థానం, ఈ రెండే చూసుకోండి. ఎప్పుడూ తీసే క్లబ్ కన్నా ఒక నంబరు పొడవైనది తీసి, సెవెన్‌కు బదులు సిక్స్, ముప్పావు స్వింగ్‌తో కొడుతూ మిగిలిన హోల్స్ పూర్తి చేయండి. ఆ రోజు బంతి మామూలుకన్నా ఎక్కువ కుడికి వాలుతుంటే, గురి ఇంకో ఐదు గజాలు ఎడమకు జరిపితే సరి.