చెంగ్దూ, చోంగ్‌చింగ్‌లలో హాట్‌పాట్ తినబోయే ముందు జాగ్రత్తలు

చైనాలో సిచువాన్ వంటకు పేరుపడ్డ నగరాలు చెంగ్దూ, చోంగ్‌చింగ్. హాట్‌పాట్ అంటే బల్ల మీద మరుగుతున్న రసంలో ముక్కలు ముంచి ఉడికించుకుని తినడం. ఆవకాయ తిని పెరిగిన నాలుకకు సిచువాన్ కారం ఒక లెక్కా అనుకుని కూర్చునేవాళ్లను అక్కడ దెబ్బతీసేది మిరపకాయ కాదు. సిచువాన్‌లో ఎక్కువగా వాడే ఎర్‌జింగ్‌తియావ్ మిరపకు మన తేజ రకమంత ఘాటు ఉండదు. దాన్ని ముఖ్యంగా రంగుకూ వాసనకూ వేస్తారు. ఇబ్బంది పెట్టేవి నూనె, వేడి, తిమ్మిరి. పైగా మనం కారాన్ని అన్నంలో నెయ్యితో కలుపుకుని, చివర్లో పెరుగుతో చల్లబరుచుకుంటాం. అక్కడ అన్నం అడిగితేనే తెస్తారు, పెరుగు వడ్డించరు.

తిమ్మిరి హువాజ్యావ్ గింజలది, అంటే సిచువాన్ మిరియాలది. నేపాల్ తిమూర్‌కూ, కొంకణ్ వంటల్లోని తిర్ఫల్‌కూ ఇది దగ్గరి చుట్టం. ఇందులోని సాన్షూల్ అనే పదార్థం పెదవులనూ నాలుకనూ జివ్వుమనిపించి మొద్దుబారుస్తుంది. అలా మొద్దుబారిన నోటికి కారం ఎంత పడిందో, ముక్క ఎంత కాలుతోందో సరిగ్గా అందదు. కడుపుకు మాత్రం అందుతుంది, మర్నాడు పొద్దున ఇంకా బాగా. అందుకే మొదట నాలుగు ముక్కలు తిని కాసేపు ఆగండి. గింజ పంటికి తగిలితే నమలకుండా తీసేయండి.

ఆర్డర్ దగ్గరే సగం జాగ్రత్త ఉంది. మొదటిసారైతే యువాన్‌యాంగ్ గువో అడగండి. నడిమి అడ్డుతో ఒకవైపు ఎర్ర రసం, ఒకవైపు తెల్ల రసం వస్తాయి. చోంగ్‌చింగ్ పాతతరం కొట్లలో అది లేకపోతే ఎర్ర కుండ మధ్యలో చిన్న తెల్ల కుండ ఉండే జిమూ గువో దొరుకుతుంది. కారం స్థాయి వెయ్‌లా, అంటే కొంచెం కారం, చాలు. చోంగ్‌చింగ్‌లో ఆ 'కొంచెం' కూడా చాలామందికి ఎక్కువే. మరుగుతున్నకొద్దీ నీరు ఇగిరి ఉప్పూ కారమూ చిక్కబడతాయి కాబట్టి, మంట తగ్గించి మధ్యమధ్య రసం పోయించుకోండి.

మాంసం విషయంలో నియమాలున్నవాళ్లు ఇక్కడ ఎక్కువ జాగ్రత్తపడాలి. సంప్రదాయ ఎర్ర రసానికి మూలం నియూయౌ, అంటే గొడ్డు కొవ్వు. ముక్కలన్నీ కూరగాయలే అయినా ఉడికేది అందులోనే. నూనెతో చేసిన చింగ్‌యౌ రసం చాలా చోట్ల ఉంటుంది, విడిగా అడగాలి. తెల్ల రసం కూడా శాకాహారం కాదు, తరచుగా పంది ఎముకలతోనో కోడితోనో కాస్తారు. పుట్టగొడుగుల రసమో టమాటా రసమో తీసుకున్నా, అడుగున ఏ రసం వేశారో కనుక్కోండి. హాట్‌పాట్ మానేసి మామూలు హోటల్‌కు వెళ్లినా గొడవ తప్పదు. మాపో టోఫూలో, వేపుడు చిక్కుళ్లలో, దాన్‌దాన్ నూడుల్స్‌లో కీమా సర్వసాధారణం. చెంగ్దూలో నిక్కమైన శాకాహారం కావాలంటే వెన్‌షూ బౌద్ధ మఠంలోని భోజనశాల నమ్మదగిన చోటు.

వేరుసెనగ, నువ్వులు, పీతలు, రొయ్యలు, ఆల్చిప్పల్లాంటివి పడనివాళ్లు కారం కన్నా వీటికి భయపడాలి. ముంచుకునే గిన్నెలోని నూనె నువ్వులదే, అందులో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ వేసుకోవడం మామూలు. కారానికి విరుగుడుగా ఇచ్చే కొన్ని సోయాపాల సీసాల్లో వేరుసెనగ, వాల్‌నట్ కలుస్తాయి. మీకు పడనిదేమిటో చైనీస్‌లో రాయించి ఫోన్‌లో బొమ్మగా దాచుకోండి. ఉచ్చారణతో నెగ్గుకురావడం కష్టం. చైనాలో గూగుల్ సేవలు మామూలుగా తెరుచుకోవు కాబట్టి అనువాదానికి వాడే భాషా ఫైలును బయల్దేరకముందే దించుకోవాలి. చాలా కొట్లలో టేబుల్ మీది క్యూఆర్ కోడ్‌తోనే ఆర్డరు, చెల్లింపు జరుగుతాయి. అలీపే అనే చెల్లింపుల యాప్‌కు కార్డును ముందే జతచేసుకుని వెళ్లండి.

ఎర్ర రసం మీద నూనె తెట్టు మందంగా ఉంటుంది. అది మూతలా పనిచేసి ఆవిరిని పెద్దగా రానివ్వదు, చల్లారినట్టు కనిపిస్తూనే కాలుతుంది. ముక్కను నేరుగా నోట్లో పెట్టకుండా నువ్వుల నూనె, వెల్లుల్లి ఉన్న గిన్నెలో ముంచి పది క్షణాలు ఉంచండి. వేడి తగ్గుతుంది, కొంత కారం కూడా ఆ నూనెలోకి దిగుతుంది. పొంగిన టోఫూ, ఆకుకూరలు రసాన్ని స్పాంజిలా పీల్చుకుంటాయి. వాటిని తెల్ల వైపే వేయండి. రసాన్ని గరిటెతో తాగకండి, అది తాగడానికి చేసింది కాదు.

ఉడికే సమయాలు ఒకేలా ఉండవు. శుభ్రం చేసిన పలుచటి బాతు పేగులు, పొట్టపొర పదిహేను సెకన్లు ముంచితే చాలు, ఎక్కువైతే రబ్బరు. పలుచని మాంసం ముక్కకు ఎరుపు పోవాలి, ఆ తర్వాత ఇంకొంచెంసేపు ఉంచినా నష్టం లేదు. ఐసుగడ్డలా ఉన్న మీట్‌బాల్స్ తేలాక కూడా రెండు మూడు నిమిషాలు వదిలేయండి, పైన ఉడికి లోపల చల్లగా ఉంటాయి. పందిమెదడు తినేవాళ్లయితే పది నిమిషాలకు తగ్గకూడదు. పచ్చి ముక్క తాకిన చాప్‌స్టిక్స్‌తో తినకండి, రెండో జత అడిగి తెప్పించుకోండి. కడుపు చెడటానికి కారమే కాదు, ఇదీ ఒక కారణం.

నోరు మండినప్పుడు వేడినీళ్లు, టీ పనికిరావు. మిరప మంటను పట్టించే నరాలే వేడికీ స్పందిస్తాయి. పాలు, సోయాపాలు, తెల్ల అన్నం, బింగ్‌ఫెన్ అనే చల్లటి జెల్లీ మేలు. దగ్గరి దుకాణంలో సువాన్‌నాయ్ పేరుతో పెరుగు దొరుకుతుంది కానీ ఎక్కువగా తియ్యగా ఉంటుంది.

ఖాళీ కడుపుతో వెళ్లకండి. అల్సరు, పైల్స్, పుల్లటి తేన్పుల బాధ ఉన్నవాళ్లు ఎర్ర వైపు జోలికే పోకపోవడం మంచిది. కాంటాక్ట్ లెన్స్ తీసేముందు చేతులు సబ్బుతో రెండుసార్లు కడగాలి, మిరప నూనె ఒక్కసారికి పోదు. మర్నాడు పొద్దునే పొడుగు రైలు ప్రయాణం పెట్టుకోకండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు, టిష్యూ కాగితాలు సంచిలో ఉంచండి. అక్కడి పబ్లిక్ టాయిలెట్లలో కాగితం ఉంటుందన్న భరోసా లేదు.